ఊరికే వదిలేసిన ప్లేటు

కొట్టాయన మీద వేసిన నింద సంగతి ముందు చెప్పేయాలి. ఆయన ముత్యపు చిప్ప పుట్టగొడుగుల విత్తనం అమ్ముతాడు. నాకు బూజు పట్టిన సరుకు అంటగట్టావని ఫోన్‌లో నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన వాదనకు దిగలేదు. "ఇంకో ప్యాకెట్ పంపుతానండీ" అన్నాడు, పంపాడు. దాన్నీ పాడుచేశాను. ఆ తప్పునూ ఆయన ఖాతాలోనే రాశాను.

వరిగడ్డి సంచుల్లో పుట్టగొడుగులు పెంచడం చేతనయ్యాక, విత్తనం కూడా ఇంట్లోనే చేసుకోవాలనిపించింది. అందుకు మొదట అగర్ ప్లేట్ల మీద పుట్టగొడుగు బూజును స్వచ్ఛంగా పెంచాలి. 200 గ్రాముల బంగాళాదుంపలు ఉడికించి వడగట్టిన నీళ్ళు, 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, 20 గ్రాముల అగర్, మొత్తం లీటరయ్యేలా నీళ్ళు. దీన్ని ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించి ప్లేట్లలో పోయాలి. అగర్ అంటే మన ఇళ్ళలో పుడ్డింగుకు వాడే చైనా గ్రాసే. జర్మనీలో రాబర్ట్ కోఖ్ ప్రయోగశాలలో పనిచేసిన వాల్టర్ హెస్సేకు, సూక్ష్మజీవులను పెంచడానికి వాడే జెలటిన్ ఎండకు కరిగిపోతోంటే, దీన్ని వాడి చూడమని 1881లో చెప్పింది ఆయన భార్య ఫానీ. జెల్లీలు చేయడంలో ఆమెకు దాని గుణం తెలుసు. ఇది చదివి, వంటింట్లోంచి వెళ్ళిన విద్యే కదా, నా వంటింట్లో ఎందుకు రాదనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా తెలివితక్కువతనం అక్కడే మొదలైంది. ఆమె ఇచ్చింది ఒక పదార్థం. దాని చుట్టూ ఉండాల్సిన జాగ్రత్తను నేను చదవనే లేదు.

నాకు తెలిసిన శుభ్రమల్లా ఫినాయిల్‌తో గచ్చు తుడవడం, స్నానం చేసి రావడం. తడి గచ్చు ఆరాలని ఫ్యాన్ వేశాను. ఆ ఫ్యాన్ కిందే ప్లేట్లు పరిచి, వేడి ద్రావణం పోసి, మూతకు ఆవిరి పట్టకూడదని మూతలన్నీ తీసి పక్కన పెట్టాను. 1887లో పెట్రి అనే శాస్త్రవేత్త ఒక గిన్నె మీద కాస్త పెద్ద గిన్నెను మూతగా బోర్లించింది గాలిలోంచి రాలేవి లోపల పడకూడదనే. ఆయన ఎందుకు పెట్టాడో ఆ మూతను, ఆ పని పడిన క్షణంలోనే తీసేశాను. ద్రావణం 50 డిగ్రీలకు చల్లారాక పోస్తే మూతకు అంత ఆవిరి పట్టదు. నాకు ఆగే ఓపిక లేదు.

ఇంకా ప్రమాదమైన పని ఒకటుంది. గాలి కదలకుండా ప్లాస్టిక్ డబ్బాకు చేతులు పట్టే రెండు కన్నాలు చేసి, లోపలంతా స్పిరిట్ చల్లి, అందులోనే స్పిరిట్ దీపం వెలిగించాను. డబ్బా నిండా నీలిమంట లేచింది. ముంజేతి వెంట్రుకలు మాడాయి, అంతటితో పోయింది. మూసిన డబ్బాలో స్పిరిట్ ఆవిరి, మంట ఒకచోట ఉండకూడదు. ఎవరైనా ఈ పని మొదలుపెడుతుంటే మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవద్దు.

విత్తనం వేసిన ప్లేట్ల మీద తెల్లటి నూగు మూడు నాలుగు రోజుల్లోనే అంచుల దాకా పాకింది. ఎంత సంతోషించానో! ముత్యపు చిప్ప పుట్టగొడుగు అంత పరుగు పెట్టదు, దానికి వారమో పది రోజులో కావాలి. తర్వాత ఆ తెలుపు పచ్చబడింది. ట్రైకోడెర్మా. మన రైతులు పశువుల ఎరువులో కలిపి చేలకు వేస్తారే, వేరుకుళ్ళు ఆపడానికి, అదే జాతి. చేలో మేలు చేసేది పుట్టగొడుగు దగ్గర శత్రువు. బాల్కనీ కుండీలకు నేనూ ఆ పొడి వేస్తుండేవాణ్ణి, ఆ చేతులతోనే ఈ పనికి కూర్చునేవాణ్ణి. పచ్చదనం ఏమిటో చూద్దామని మూత తీసి వాసన కూడా పీల్చాను. ఆ బీజాలు గది నిండా, నా ఊపిరితిత్తుల నిండా.

ప్లేట్లు పాడవడానికి నేను కనిపెట్టిన కారణాలు రెండు: కొట్టాయన, మా అమ్మ. ఊడిస్తే దుమ్మని, పోపు వేస్తే పొగని ఆవిడను వంటింట్లోకి రానిచ్చేవాణ్ణి కాదు. "పోపు పెట్టుకోవచ్చా నాన్నా?" అని గుమ్మంలో నిలబడి అడిగేది. ఆవకాయ జాడీలోకి తడి గరిటె పోనివ్వని మనిషి, జాడీకి వాసెన కట్టే మనిషి. నా పని ఏమిటో ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పుంటే ఫ్యాన్ సంగతి ఆవిడే పట్టుకునేదేమో. చెప్పలేదు. కసురుకున్నాను.

కడిగేద్దామని ప్లేట్లు తీస్తుంటే దొంతర అడుగున ఒకటి దొరికింది. దానిలో నేనేమీ వేయలేదు. విత్తనం తగలని ప్లేటు. దాని మీదా అదే పచ్చ, పక్కన జిగట మరకలు. విత్తనమే లేనిచోట విత్తనం తప్పెలా అవుతుంది?

కొట్టాయనకు ఫోన్ చేసి క్షమించమన్నాను. ఆయన ఆ మాట పక్కన పెట్టి, "బూజా, జిగటా?" అని అడిగాడు. రెండూ అన్నాను. "బూజు గాలిలోదండీ. కుక్కర్‌లో ఉడికినాక బతకదు, పోసేటప్పుడు పడుంటుంది. జిగట మాత్రం కుక్కర్ సరిగా పనిచేయకపోయినా వస్తుంది. వెయిట్ ఎప్పుడు పెట్టారు?" మూత బిగించగానే పెట్టేవాణ్ణి, పప్పుకు లెక్కపెట్టినట్టు విజిల్స్ లెక్కపెట్టి దించేవాణ్ణి. లోపలి గాలి పోకపోతే ఒత్తిడి ఉన్నా వేడి 121 డిగ్రీలకు చేరదు, కొన్ని బాక్టీరియా బీజాలు మరుగునీళ్ళలోనూ బతుకుతాయి. ఆవిరి గొట్టంలోంచి ధారగా వచ్చాకే వెయిట్ పెట్టాలి, విజిల్ వచ్చాక మంట తగ్గించి గడియారం చూడాలి.

అమ్మకూ చెప్పాను. "ఫ్యాన్ కింద పెట్టావుట్రా?" అంది, అంతే.

ఇప్పుడు పోసిన ప్రతిసారీ రెండు ప్లేట్లలో ఏమీ వేయకుండా తేదీ రాసి పక్కన పెడతాను. వాటి మీద ఏదైనా మొలిస్తే, ఆ విడత మొత్తం మూతలు తెరవకుండానే తిరిగి కుక్కర్‌లోకి పోతుంది.