అమ్మవారిని ఊరంతా కలిసి పిలిచేవాళ్లం

మా రోజుల్లో పోచమ్మకు గోపురం లేదు. వేపచెట్టు కింద పసుపు పూసిన రాయే అమ్మ. ఇప్పుడు గ్రానైటు పరిచి, ఇనుప గేటు పెట్టి, దాతల పేర్లు చెక్కించారు. ఆ అమ్మ అక్కడికి ఎందుకొచ్చిందో మాత్రం పిల్లలకు చెప్పేవాళ్లు లేరు.

మతమంటే గ్రంథాలతోనే మొదలైందని ఇప్పటివాళ్ల నమ్మకం. నారాయణపేట జిల్లా ముడుమాల్‌కు పోయి చూడండి. వేల ఏళ్ల కిందట మనుషులు నిలబెట్టిన పెద్ద పెద్ద నిలువురాళ్లు అక్కడున్నాయి. వాటిలో ఒకదాన్ని ఊరివాళ్లు ఎల్లమ్మగా కొలుస్తారు. రాతలు రాకముందే మొక్కు ఉంది. వాన పడాలి, గొడ్డూగోదా బతకాలి, రోగం పొలిమేర దాటి రాకూడదు. ఈ ఆరాటంలోంచే మన గ్రామదేవతలు పుట్టారని నేను గట్టిగా నమ్ముతాను.

మశూచి వస్తే అమ్మవారు పోసిందనేవాళ్లం. గుమ్మానికి వేపమండలు కట్టి, తాలింపు మానేసి, పరాయివాళ్లను ఇంట్లోకి రానిచ్చేవాళ్లం కాదు. మన దేశంలో 1975తో మశూచి పోయింది. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. టీకాతోనే పోయింది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ అంత భయంలో మనుషుల్ని ఒకచోట నిలబెట్టింది అమ్మవారే.

బొడ్రాయి పండుగ వస్తే ఇంటింటికీ చందా, ఇంటింటికీ పని. కుమ్మరి కుండ ఇచ్చేవాడు, చాకలి దివిటీ పట్టేవాడు, బైండ్లవారు జమిడిక వాయిస్తూ రాత్రంతా అమ్మ కథ చెప్పేవాళ్లు. పెళ్లై పోయిన ఆడబిడ్డలందరినీ పిలిచేవాళ్లు. అంటరానితనం అప్పుడూ ఉంది. జాతరనాడు అమ్మవారి రూపమని దళిత స్త్రీ అయిన మాతంగికి మొక్కి, మర్నాడు ఆమెనే దూరం పెట్టారు. అది పాపమే, దాన్ని నేను వెనకేసుకురాను.

పోవాల్సింది ఆ అంటు. పోయిందేమో కలివిడి. బైండ్లవారి కథ వినే ఓపిక లేదు, డీజే పెట్టెలు ఛాతీ అదిరేలా మోగుతాయి. బోనం ఎత్తిన ఆడబిడ్డ ఫోటోల కోసం ఆగుతుంది. ఒక్కొక్కరు కారులో వచ్చి తమ మొక్కు తీర్చుకుని పోతారు. పక్కింట్లో జ్వరమొస్తే అడిగే దిక్కు లేదు.

గుడి ఎంత పెద్దదైనా కట్టుకోండి, కాదనను. ఈ ఆషాఢంలో మాత్రం డీజేకిచ్చే డబ్బు బైండ్లవారికివ్వండి. అమ్మ కథ మొదటినుంచి చివరిదాకా చెప్పించి, పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి.