పగటి కునుకు

"రాత్రిపూట మంచిగనే పంటది ఆశమ్మా. పగటీలే కన్ను మూసిందో లేదో లేస్తది. అరగంట నిలుస్తలేదు. దిష్టి తీసిన, తాయత్తు కట్టిచ్చిన. ఇగ నువ్వే ఏదన్న చెప్పాలె," అంది అత్త.

జక్రాన్‌పల్లిలో 44వ నంబరు జాతీయ రహదారికి దగ్గరి వాడకట్టులో ఉంది ఆ ఇల్లు. కొడుకు దుబాయిలో ఉన్నాడు. కోడలికి ఇది రెండో కాన్పు, ఆడపిల్ల. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూడాలి. ఆ రోజు 28వది.

ఆశమ్మ బిడ్డను తూచింది. బరువు బాగానే పెరిగింది. ఒంటికి పోసుకోవడం కూడా సరిగ్గానే ఉంది. అంటే పాలు చాలకపోవడం కాదు. లారీల హారన్లు అందామంటే అవి రాత్రి కూడా ఆగవు. ఆమెకు అంతు పట్టనిది మరొకటుంది. మొదటి రెండు నెలలూ పసిబిడ్డకు పగలూ రాత్రీ తెలియవు. పగలంతా పడుకొని రాత్రి ఇల్లంతా లేపే పిల్లలను ఆమె ఎందరినో చూసింది. రాత్రి పడుకొని పగలు మాత్రమే ఉలిక్కిపడే బిడ్డను ఇదే చూడటం.

కోడలు గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. కొలత రేకు పెట్టి కత్తెరతో ఆకు కోయడం, చిటికెడు తంబాకు పోసి చుట్టడం, దారం బిగించడం, చివర గోటితో మడవడం. చూపు తొట్టెల మీదే ఉన్నా చేతులు ఆగడం లేదు. ఇరవై ఒకటో రోజు పురుడు కాగానే చాట ముందుకొచ్చింది. ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టే ఆడవాళ్లకు కూడా ప్రసూతి సాయం అందాలని 1966లోనే చట్టం చేశారు. 2017లో మొదటి ఇద్దరు పిల్లల వరకు ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచారు. ఈ తల్లికి మూడు వారాలే దక్కాయి. చట్టంలో ఉన్నది గడప దాటి లోపలికి రాకపోవడం అన్యాయమే. అత్తను తప్పు పట్టడానికీ లేదు. ఆమె జీవితమంతా చాట ముందే గడిచింది. ఇప్పుడు చూపు ఆనక బీడీ వదులవుతోంది, వదులైనవి కార్ఖానాలో పక్కకు తీసేస్తున్నారు. కొడుకు దుబాయి పోవడానికి తెచ్చిన అప్పుకు మిత్తి మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

ఆశమ్మకు తంబాకు మీద అనుమానం వచ్చింది. ఆ అనుమానంలో అర్థముంది. తంబాకులోని నికోటిన్, బీడీలు చుట్టేవాళ్ల చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది, పాలలోకి వెళ్తుంది. 2007లో అమెరికాలో పొగతాగే తల్లుల మీద ఒక పరిశోధన జరిగింది. తల్లి సిగరెట్ తాగిన రోజున పిల్లలు మూడున్నర గంటల్లో 53 నిమిషాలే పడుకున్నారు, తాగని రోజున 84 నిమిషాలకు పైగా.

"చేతులు మోచేతుల దాక సబ్బుతో కడుక్కొని, చీర మార్చుకొనే పాలియ్యి బిడ్డా. తంబాకు గంప ఈ అర్రల వద్దు," అని చెప్పి వెళ్లింది. కోడలు తలూపింది.

దారిలో పక్కింటామె కలిసింది. "అత్త కార్ఖానాకు కట్టలు తీస్కపోయిన నాడు ఆ పొల్ల ఏడుపే ఇనవడది," అంది. ఆశమ్మ ఆ మాట చెవిన పెట్టలేదు.

42వ రోజున, పడుకున్న బిడ్డ ఎట్లా లేస్తుందో కళ్లారా చూడాలని ఆశమ్మ తీరిక చేసుకొని వచ్చింది. కోడలు ఆమె చెప్పినట్టే చేతులు కడుక్కొని, పాలిచ్చి, బిడ్డను తొట్టెలలో వేయబోయింది. గుడ్డ ఉయ్యాలలో గడ్డం ఛాతీకి ఆనుతుందని, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టించింది ఆశమ్మ. దిండు తీసేయించింది.

అరగంట కాకముందే రెప్పలు అదిరాయి. మొహం ఎర్రబడింది, చిన్నగా మూలిగింది. అత్త లేవబోయింది. ఆశమ్మ చెయ్యి పట్టుకొని ఆపింది.

"ఆగు పెద్దమ్మా. ఇది లేచుడు కాదు, నిద్రలనే ఉన్నది. పసివాళ్ల నిద్రల సగం గిట్లనే కదులుతరు. మనం ఎత్తుకుంటెనే లేస్తరు."

ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. బిడ్డ పెదాలు పాలు తాగుతున్నట్టు కదిలాయి. ఒక నవ్వు వచ్చి పోయింది. బిగించిన పిడికిలి వదులైంది. మళ్లీ నిద్రలోకి జారుకుంది. గంట దాటింది.

"గింతేనా! ఇన్నొద్దులు మనమే ఎత్తుకొని లేపినమా?" అత్త మొహం వెలిగిపోయింది. "నీ కడుపు సల్లగుండ ఆశమ్మా. ఇగ రోజు గిట్లనే పంటె పొద్దు మీకేసరికి వెయ్యి అయితై." బయటి నుంచి చాట తెచ్చి కోడలి ఒడిలో పెట్టింది. నీళ్లలో నానుతున్న ఆకు తేవడానికి పెరట్లోకి వెళ్లింది.

ఆశమ్మ సంచిలోంచి ఫారం తీసి నింపుతోంది. కోడలు పెరటి తలుపు వైపు ఒకసారి చూసింది. చెయ్యి చాచి బిడ్డ అరికాలి మీద వేలితో టక్కున కొట్టింది.

బిడ్డ కెవ్వుమంది.

"అయ్యో, ఏం పనమ్మా ఇది! గప్పుడే కదా..." ఆశమ్మ చేతిలో కలం ఆగిపోయింది.

కోడలు చాటను కింద పెట్టి బిడ్డను ఎత్తుకుంది.

"ఇది పంటె నా ఒళ్లెకు చాటొస్తది అక్కా. లేస్తెనే ఇదొస్తది."