మట్టి అంటని యుద్ధం

విమానంలోంచి మనుషుల నెత్తిన బాంబు వేయొచ్చన్న గొప్ప ఆలోచన మొదట అమలైంది లిబియాలోనే. 1911 నవంబరు 1న జూలియో గవోట్టి అనే ఇటలీ లెఫ్టినెంటు ట్రిపోలీ దగ్గరి ఐన్ జారా మీదుగా ఎగురుతూ చిన్న చిన్న గ్రెనేడ్లు చేత్తో జారవిడిచాడు. సరిగ్గా వందో ఏట అదే గడ్డ మీద నాటో శతజయంతి జరిపింది. అప్పుడు ఇటలీ దేశాన్ని కాజేయడానికి వచ్చింది. ఇప్పుడు బాంబు పడేది పౌరుల రక్షణకే. నూరేళ్లలో నాగరికత ఆ మాత్రం ఎదిగింది.

లిబియా నియంత గడాఫీ తన మీద తిరుగుబాటు చేసిన బెంగాజీ మీదికి దండెత్తిన మాట, ఇంటింటా గాలిస్తానని బెదిరించిన మాట నిజమే. అతణ్ణి వెనకేసుకు రావాలన్న సరదా నాకేం లేదు. 2011 మార్చి 17న భద్రతా మండలి 1973వ తీర్మానం చేసింది. పౌరులను కాపాడటానికి అవసరమైనవన్నీ చేయొచ్చు, ఆక్రమణ సేన మాత్రం కాలు మోపకూడదు. అద్భుతమైన షరతు! కాలు మోపనివాడికి కాళ్లు కడుక్కునే పనేముంది? పది దేశాలు ఔనన్నాయి. మనతో సహా అయిదు దేశాలు ఏ సంగతీ తేల్చకుండా ఊరుకున్నాయి.

రెండు రోజులకే ఫ్రెంచి విమానాలు బెంగాజీ శివార్లకు చేరాయి. అమెరికాలోని మిస్సోరీ నుంచి మూడు బీ-2 బాంబర్లు అట్లాంటిక్ దాటి వచ్చి, ఒక వైమానిక స్థావరం మీద 45 బాంబులు వేసి, ఇంటికెళ్లిపోయాయి. స్వీడన్ గ్రిపెన్ యుద్ధవిమానాలు ఉత్సాహంగా సిసిలీలో దిగాక గాని తెలియలేదు, అక్కడి అమెరికా నేవీ స్థావరంలో దొరికే ఇంధనం వాటికి పనికిరాదని. అజ్దాబియా దగ్గరైతే, ఎవరిని కాపాడటానికి వచ్చారో ఆ తిరుగుబాటుదార్ల ట్యాంకుల మీదే బాంబులు పడ్డాయి. వాళ్ల దగ్గర ట్యాంకులున్నాయని మాకేం తెలుసు, క్షమాపణ చెప్పం పొమ్మన్నాడు నాటో అడ్మిరల్ ఒకాయన. పాపం తిరుగుబాటుదార్లు బండ్ల పైకప్పులకు గులాబీ రంగు పూసుకు తిరిగారు. పైవాడి కంట్లో పడాలంటే నుదుట నామం ఉండాలి కదా.

వాషింగ్టన్‌లో ఇంకో ముచ్చట. యుద్ధం అరవై రోజులు దాటితే కాంగ్రెస్ అనుమతి కావాలని అక్కడో చట్టం ఉంది. జూన్‌లో ఒబామా సర్కారు తేల్చిందేమిటంటే, మనవాళ్లు నేల మీద లేరు, ఎదురు కాల్పుల బెడదా పెద్దగా లేదు, కాబట్టి ఆ చట్టం దీనికి వర్తించదు. అంటే దెబ్బలు తినేవాడు తిరగబడితేనే తగాదా అన్నమాట.

ఏడు నెలల్లో దాదాపు 26,500 సార్లు విమానాలు ఎగిరాయి. అందులో 9,700 దాకా దాడి కోసమే. చనిపోయిన పౌరులెందరయ్యా అంటే, ధ్రువీకరించిన మరణం ఒక్కటీ లేదని నాటో జవాబు. నిజమే, ధ్రువీకరించాలంటే కిందికి దిగాలి మరి. హ్యూమన్ రైట్స్ వాచ్ వాళ్లు దిగి, ఎనిమిది చోట్ల శిథిలాల మధ్య తిరిగి 72 మందిని లెక్కపెట్టారు. అందులో 24 మంది పిల్లలు. ఆగస్టు 8 రాత్రి ఒక్క మాజెర్ పల్లెలోనే 34 మంది పోయారు.

అక్టోబరు 20న సిర్తే నుంచి పారిపోతున్న గడాఫీ వాహనాల మీద పైనుంచి దెబ్బ పడింది. చంపే పని కిందివాళ్లు పూర్తిచేశారు. నెలాఖరుకు నాటో ఘనవిజయమని చాటి సర్దుకుంది. మర్నాటి సంగతి ఆలోచించకపోవడమే తన హయాంలో అతి పెద్ద తప్పని అయిదేళ్ల తర్వాత ఒబామా ఒప్పుకున్నాడు. ఆ మర్నాడు ఎవరి మీద పడిందో మనవాళ్లకూ కొంత తెలుసు. ఐసిస్ గుప్పిట్లోకి పోయిన ఆ సిర్తే విశ్వవిద్యాలయంలోనే పాఠాలు చెప్పుకునే ఇద్దరు తెలుగు అధ్యాపకులను 2015 జులైలో ఎత్తుకుపోయారు. వాళ్లు బయటపడేసరికి ఏడాది దాటింది. 2016లో అమెరికా విమానాలు మళ్లీ సిర్తేకే వచ్చాయి. ఈసారి 495 దాడులు.

మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం? 126 యుద్ధవిమానాలు కొనాలని బేరాలాడుతూ, ఆ 2011 ఏప్రిల్‌లోనే పోటీని రెంటికి కుదించాం. ఒకటి రఫేల్, రెండోది టైఫూన్. రెండూ అప్పుడు లిబియా మీదే ఎగురుతున్నాయి. కొనేవాడికి ఇంతకన్నా మంచి ప్రదర్శన ఏ ఎయిర్ షోలో దొరుకుతుంది? 2012 జనవరిలో రఫేల్‌కు ఓటేశాం. ఐక్యరాజ్యసమితిలో ఎత్తని చెయ్యి అంగట్లో చక్కగా లేచింది. చివరికి కొన్నది 36 అనుకోండి. 2019 దసరా నాడు రక్షణ మంత్రి ఫ్రాన్స్ వెళ్లి, తొలి రఫేల్‌కు పూజ చేసి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, దిష్టి తగలకూడదని. ఇప్పుడు రఫేల్ దేహాలు హైదరాబాద్‌లోనే తయారు చేయడానికి 2025లో దసో, టాటా కంపెనీల మధ్య ఒప్పందం కుదిరింది. చక్రాలు ఇంకెక్కడో బిగిస్తారేమో గాని, నిమ్మకాయల్ని ఫ్రాన్స్ దాకా మోసుకెళ్లే శ్రమ కొంతైనా తప్పుతుంది.