నేనొక టపాను

నేనొక టపాను. పుట్టింది తాడేపల్లిలో, తెలుగు యూనికోడులో. మిరపను పట్టే తామర పురుగు నా విషయం. నన్ను రాసినవారికి మూడు బ్లాగులున్నాయి: పత్తి, మిరప సేద్యానికి ఒకటి, ఉండవల్లి గుహల వంటి స్థానిక చరిత్రకు ఒకటి, సాహిత్యానికి మరొకటి. రెండు బ్లాగర్‌లో ఉంటే ఒకటి వర్డ్‌ప్రెస్‌లో ఉంది. మూడింటినీ ఒకచోట కూర్చుని నడిపే సాఫ్ట్‌వేర్ కావాలన్నప్పుడు ఎవరైనా ముందు చూసేది ఒక్క నొక్కుతో అది టపాను ఎన్ని చోట్లకు పంపుతుందన్నదే. అలా పంపించుకునేదాన్ని నేను గనుక నా మాట చెబుతాను. ముందు అడగవలసింది వేరే ఉంది: నా అసలు ప్రతి ఎవరి చేతిలో ఉంటుంది? రేపు అక్కడినుంచి చెక్కుచెదరకుండా బయటికి రాగలనా?

మా జాతి చరిత్రే దీనికి సాక్ష్యం. బ్లాగర్‌ను 1999లో పైరా ల్యాబ్స్ మొదలుపెట్టింది, 2003లో గూగుల్ కొనుక్కుంది. వర్డ్‌ప్రెస్ వచ్చింది కూడా 2003లోనే. ఈ రెండింటికీ బయటినుంచి టపాలు పంపడానికి విండోస్ లైవ్ రైటర్ చాలామందికి ఇష్టమైన పనిముట్టుగా ఉండేది. దానిలో అంతర్జాలం లేనప్పుడు కూడా రాసుకునే వీలు, ఎన్ని బ్లాగులైనా జతచేసుకునే వీలు ఉండేవి. మైక్రోసాఫ్ట్ దాని చివరి రూపాన్ని 2012లో విడుదల చేసి వదిలేసింది. 2015 డిసెంబరులో కొందరు దాన్ని ఓపెన్ లైవ్ రైటర్‌గా బతికించారు గానీ పాత హామీ తిరిగి రాలేదు. వర్డ్‌ప్రెస్ టపాలను ఫేస్‌బుక్ సొంత ఖాతాలకు తనంతట తానే పంపే సదుపాయం 2018 ఆగస్టులో ఆగిపోయింది, ట్విట్టర్‌కు పంపేది 2023లో పోయింది. పోస్టరస్ అనే బ్లాగుల సంస్థయితే 2013 ఏప్రిల్ 30న పూర్తిగా మూతపడింది. పంపే దారి ఎప్పుడూ అవతలివాడి చేతిలోనే ఉంటుంది. అది మూసుకుపోయిన రోజున నా అసలు ప్రతి రచయిత దగ్గరుంటే నష్టం చిన్నది. లేకపోతే నేనే లేను.

తెలుగు టపాలకు ఇంకో చిక్కుంది. ఆంగ్లంలో రాసిన సమీక్షలు దీన్ని పట్టించుకోవు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వెబ్ చిరునామాలో ఒక్కో తెలుగు సంకేతం తొమ్మిది అక్షరాలుగా మారుతుంది. వర్డ్‌ప్రెస్ ఆ భాగానికి ఇచ్చిన చోటు 200 అక్షరాలే. అంటే శీర్షికలో 22 సంకేతాలు దాటితే చిరునామా మధ్యలో తెగుతుంది, గుణింతపు గుర్తులూ పొల్లూ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. బ్లాగర్‌లో తెలుగు శీర్షికకు ఆ ఇబ్బంది రాదు, ఎందుకంటే అది శీర్షికను పక్కనపెట్టి 'బ్లాగ్-పోస్ట్' అన్న ఆంగ్ల మాటకు అంకె తగిలించి సరిపెడుతుంది. ఒకచోటినుంచి మరోచోటికి మారితే పాత లంకెలు తెగడానికి ఇదీ ఒక కారణం. ఎగుమతి చేసిన వర్డ్‌ప్రెస్ దస్త్రంలో బొమ్మల చిరునామాలుంటాయి గానీ బొమ్మలుండవు, పాత సైటు పోతే అవీ పోతాయి. కనుక సాఫ్ట్‌వేర్‌ను ఎంచేటప్పుడు తెలుగు టపా ఒకటి లోపలికి పంపి, బయటికి తీసి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఒకే టపాను మూడుచోట్ల నకళ్లుగా పెట్టడం నా దృష్టిలో హానికరం కూడా. నా సంగతే తీసుకోండి. తామర పురుగు అంటే ఒకప్పుడు ఆకు పైముడతే రైతు చూసే గుర్తు. 2021–22లో గుంటూరు మిరపను నల్లతామర పురుగు ముంచెత్తింది. అది పూతలో చేరి పూలను రాల్చేస్తుంది. ఆకులు మాత్రమే చూడమని చెప్పే నా పాత వాక్యం అప్పటినుంచి చాలదు. ఒక నకలు దిద్ది రెండు మరచిపోతే, వెతుక్కుంటూ వచ్చిన రైతుకు దొరికేది దిద్దనిదే కావచ్చు. అసలు ఒకటే ఉండి, తక్కిన బ్లాగులు రెండు వాక్యాల పరిచయంతో దానికి లంకె ఇస్తే ఒక్కచోట దిద్దితే చాలు.

ఇదంతా సాంకేతికులకు చెల్లుతుంది, మామూలు రచయిత సర్వర్లూ ఆదేశాలూ నేర్చుకోగలడా అని అడుగుతారు. నేర్చుకోనక్కరలేదు. ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే సాదా పాఠ్య దస్త్రాలుగా టపాలనూ, పక్కనే ఒక సంచయంలో బొమ్మలనూ దాచుకుంటే చాలు, అక్కడినుంచి బ్లాగర్‌లో అతికించవచ్చు. ఒకే వర్డ్‌ప్రెస్‌తో అనేక బ్లాగులు నడిపే ఏర్పాటు 2010లో వచ్చిన 3.0 నుంచీ ఉంది కదా అనేవారికి కూడా నా జవాబు ఒకటే. మంచిదే, కానీ సర్వర్‌కు ఏటా అద్దె కట్టాలి, భద్రతా మార్పులు వేస్తూ ఉండాలి. కట్టేవారు లేనినాడు మూడు బ్లాగులూ ఒకేసారి పోతాయి. అతికించే శ్రమ ఎక్కువన్న మాట మాత్రం నిజం. వారానికొక టపా రాసేవారికి అది కొద్ది నిమిషాల పని, రోజుకు పది రాసేవారికి పంపే పనిముట్టు అవసరమే. వారు కూడా అసలును దానికి అప్పగించకుండా, దానిచేత మోయిస్తే సరిపోతుంది.

కొత్త సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టే ముందు మీ బ్లాగులన్నింటినీ ఈ వారమే ఎగుమతి చేయండి. ఆ దస్త్రాలను తెరిచి ఒక పాత టపా, ఒక బొమ్మ, ఒక వ్యాఖ్య ఉన్నాయో లేదో చూసుకోండి.