టెంక పగలగొట్టి చూసేవాడేడీ?

మొన్న మా మనవడు పుచ్చిన మామిడి టెంకను ఫోటో తీసి ఎవరికో పంపాడు. "పురుగు తాతా, మందు కొట్టమన్నారు" అన్నాడు. ఏ పురుగురా అంటే నోరు విప్పలేదు. కాయ కోసి అమ్మేశాక ఇప్పుడు మందు ఎవరికి?

మా రోజుల్లో వేసవి వచ్చిందంటే కురుపాం, సీతంపేట కొండల్లో సవరల, జాతాపుల ఇళ్లముందు టెంకలు ఎండేవి. జీడి తీసి, నానబెట్టి చేదు పోగొట్టి, అంబలి కాచుకునేవారు. ఇటు మా సువర్ణరేఖ తోటల కిందా టెంక మిగిలేది కాదు, ఎవరో ఒకరు ఏరుకుపోయేవారు. రాయి మీద పెట్టి పగలగొడితే కొన్నిట్లో జీడి నల్లబడి పొడై ఉండేది. అందులో కాళ్లులేని తెల్లటి పురుగో, పొడుగాటి ముట్టె ఉన్న ముదురు రంగు పెంకు పురుగో కనిపించేది. చింతపిక్కల్లోని పురుగు దీని జాతి కాదని పిల్లలకు కూడా తెలుసు. దానికి ఆ పొడుగు ముట్టె ఉండదు, వెనక తొడలు లావు. అది నిల్వ ఉంచిన వేరుశనక్కాయలనూ తినేస్తుంది. టెంక పురుగు అలా కాదు, చెట్టుమీది పిందెపైనే గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు లోపలికి తొలుచుకుపోయాక ఆ గాయం మానిపోతుంది. అందుకే పైకి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది.

ముట్టె చూసి వేరు చేయడం టెంకలు పగలగొట్టేవాళ్ల పని మాత్రమే కాదు, శాస్త్రం చేసే పనీ అదే. డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రిషియస్ 1775లోనే దీన్ని ముక్కు పురుగుల్లో చేర్చి, మామిడి పేరే పెట్టాడు. ఇప్పుడు స్టెర్నోకీటస్ మాంజిఫెరే అంటున్నారు. ఈశాన్య రాష్ట్రాల్లో దీని దగ్గరి చుట్టం ఫ్రిజిడస్ టెంక జోలికి పోదు, గుజ్జులోనే బతుకుతుంది. పేరు తప్పితే మందూ తప్పుతుంది, అదునూ తప్పుతుంది. అమెరికా 2007లో మన మామిడిని మళ్లీ రానిచ్చినా, కిరణాలతో శుద్ధి చేసి పంపమంది. అందుకు కారణాల్లో ఈ టెంక పురుగొకటి.

ఏడాదికి ఒక్క తరమే దీనిది. టెంకలోంచి బయటపడి, బెరడు పగుళ్లలో దాక్కుని, మళ్లీ పిందెల కోసం కాచుకుంటుంది. టెంకలు ఏరి కాల్చేస్తే సగం పని అయినట్టే. అప్పట్లో అంబలి కోసం ఏరుకుపోయేవారు, తోట దానంతటదే శుభ్రపడేది. ఇప్పుడు తోట పొడుగునా టెంకలు కుళ్లుతున్నాయి, మందు డబ్బాలు మాత్రం గట్టుమీద వరసగా ఉన్నాయి.

నిన్న గంపెడు ఏరాను, నడుం పట్టేసింది. మనవణ్ని పిలిచి ఒకటి పగలగొట్టించి ముట్టె చూపించాను. వాడు ఫోన్ పక్కనపెట్టి, ఇంకో టెంక అందుకున్నాడు.