పరగడుపున రండి, పట్టా పట్టుకెళ్లండి

మొన్నటి ప్రీ రిలీజ్ వేడుకలో ఆ పెద్ద నిర్మాతగారు ఏం సెలవిచ్చారో మీరు ఈపాటికి ఫోన్లో చూసే ఉంటారు. సినిమా అనేది చదివితే వచ్చేది కాదట, రక్తంలో ఉండాలట. పుణెలూ కలకత్తాలూ పోయి పీజీలు వెలగబెట్టి వచ్చేవాళ్లంతా వయసు పాడుచేసుకున్నవాళ్లేనట. పక్కనే నిలబడ్డ కొత్త హీరో, అంటే వారబ్బాయే, వినయంగా తల వంచుకున్నాడు. ఈలలు మోగాయి.

పెద్దాయన మాట కాదనడానికి నేనెవర్ని? అమలు చేద్దామంటున్నాను. పుణెలో ప్రభాత్ స్టూడియో స్థలంలో 1960 నుంచి నడుస్తున్న ఎఫ్‌టీఐఐకీ, కలకత్తాలో 1995లో పెట్టిన సత్యజిత్ రాయ్ ఇన్‌స్టిట్యూట్‌కీ తాళాలేసి, తాళంచెవులు ఏ డయాగ్నొస్టిక్ సెంటర్ వాళ్లకో అప్పగించేద్దాం. మూడేళ్ల కోర్సు మూడు మిల్లీలీటర్లతో సరి. ఎంట్రన్స్ లేదు, హాస్టల్ లేదు, సమ్మెలు అసలే ఉండవు. పొద్దున్నే పరగడుపున వస్తే సాయంత్రానికి పట్టా వాట్సాప్‌లో వచ్చేస్తుంది. పరగడుపు సంగతి అసిస్టెంట్ డైరెక్టర్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, వాళ్లకది అలవాటే.

రిపోర్టు ఇలా ఉంటుంది. తొడగొట్టే శక్తి: మోతాదుకు మించి. స్లో మోషన్ నడక: నార్మల్. తెలుగు ఉచ్చారణ: ఆనవాళ్లు మాత్రమే. నటన: శాంపిల్ చాలలేదు, మళ్లీ రావలెను. ఈ ఆఖరి ముక్కనే పరిశ్రమలో రీలాంచ్ అంటారు.

మిగతా శాఖలకూ పరీక్షలున్నాయి. ఎడిటింగ్‌లో చేరాలంటే రక్తం గడ్డకట్టే సమయం చూస్తారు. మూడున్నర గంటలైనా గడ్డకట్టకపోతే పాన్ ఇండియా సినిమాకు సరిపోయినట్టే. సౌండ్ మిక్సింగ్ వాళ్లకు బీపీ చూస్తే చాలు. స్క్రీన్‌ప్లే కోసం మజ్జదాకా తవ్వినా ఏమీ తేలలేదని టెక్నీషియన్ నెమ్మదిగా చెబుతాడు. దాన్ని పొరుగు భాష నుంచి ఎక్కించుకోవచ్చు, గ్రూపు కలవక్కర్లేదు.

నాకొక్కటే అనుమానం. హీరోగారి పుట్టినరోజుకు అభిమానులు ఏటా క్యూ కట్టి రక్తం ఇస్తున్నారు. ఇన్నేళ్లలో అటునుంచి ఇటు ఒక్క చుక్క వచ్చిందా? వచ్చుంటే ఈపాటికి ఊరికో దర్శకుడు తేలేవాడు.

ల్యాబు ఫైళ్లలో కొన్ని తేడా కేసులు కూడా ఉన్నాయి. బాహుబలికీ ఆర్ఆర్ఆర్‌కీ కెమెరా పట్టిన సెంథిల్ కుమార్ ఎఫ్‌టీఐఐలో చదివొచ్చారు. శేఖర్ కమ్ముల అమెరికాలో హోవర్డ్ యూనివర్సిటీలో సినిమా పీజీ చేసొచ్చి ‘డాలర్ డ్రీమ్స్’ తీస్తే, తొలి చిత్ర దర్శకుడిగా జాతీయ అవార్డిచ్చారు. చిరంజీవి నాన్నగారిది పోలీసు ఉద్యోగం. ఆ లెక్కన అబ్బాయి రక్తంలో లాఠీ ఉండాలి గానీ డాన్సెక్కడిది? మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి నటన నేర్చుకున్నారు.

మరి రాజమౌళి ఏ కాలేజీకి వెళ్లారని అడుగుతారు, తెలుసు. ఏ సినిమా కాలేజీకీ వెళ్లలేదు. ఎడిటర్ కోటగిరి వెంకటేశ్వరరావు దగ్గర పని నేర్చుకున్నారు, ‘శాంతి నివాసం’ సీరియల్‌తో చెయ్యి తిప్పుకున్నారు. దాన్ని చదువనక ఏమంటారు? రచయిత ఇంట్లో పుట్టారు కాబట్టి ఎడిటింగ్ గది తలుపు సులువుగా తెరుచుకుని ఉండొచ్చు. తలుపు తెరవడం వేరు, లోపల కూర్చుని ముక్క ముక్కా అతకడం వేరు.

ఇక వెటకారం చాలు.

రక్తంలో ఉండాలి అనే మాట ఈ దేశంలో నిన్న పుట్టింది కాదు. పొలం ఎవరిదో, బావి ఎవరిదో, పలక పట్టే హక్కు ఎవరికో ఇదే మాట చెప్పి వేల ఏళ్లు తేల్చారు. అదే మాటను మైకులో చెబితే ఈలలు వేస్తున్నాం. ఆర్టీసీ కండక్టర్ కూతురికి కెమెరా పట్టాలని ఉంటే ఎక్కడికి వెళ్లాలి? హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది అద్దె కట్టుకుంటూ జీతం లేకుండా తిరగమంటారు, దానికే అనుభవం అని పేరు పెడతారు. జీతం లేకుండా నాలుగేళ్లు బతకాలంటే ఇంట్లో డబ్బుండాలి. ఆడపిల్లయితే ఆ తిరుగుడులో ఇంకేం భరించాలో ఆ స్టేజీ మీదున్న అందరికీ తెలుసు. ఇంటిపేరు అడక్కుండా ప్రశ్నపత్రం చేతికిచ్చే చోటు ఒక్కటుంటే, దాన్ని కూడా ఎగతాళి చేస్తారా?

ఆ చోట్లు కడిగిన ముత్యాలని నేననను. కులవివక్ష చూపుతున్నారని కొట్టాయం దగ్గరి కె.ఆర్. నారాయణన్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులు సమ్మె చేస్తే 2023 జనవరిలో డైరెక్టర్ రాజీనామా చేశాడు. బడి ఉంది కాబట్టే నిలదీశారు. బడే లేనిచోట ఎవరిని నిలదీస్తాం?

కేరళకు అదుంది. తమిళనాడుకు చెన్నైలో ఎంజీఆర్ పేరిట ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఉంది. పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాద్‌కు స్టూడియోలతో, స్టార్లతో, సంఘాలతో సహా తరలివచ్చింది, బడిని మాత్రం అక్కడే వదిలేసింది. పెద్ద సినిమా వచ్చినప్పుడల్లా టికెట్ రేటు పెంచుతూ మన రెండు ప్రభుత్వాలూ జీవోలిస్తున్నాయి. ఈసారి రేటు పెంచమని అడగడానికి వెళ్లినప్పుడు, నిర్మాతగారూ, పెంచిన దాంట్లో కొంత తీసి పేదింటి పిల్లలకు ఒక ప్రభుత్వ సినిమా కాలేజీ పెట్టమని కూడా అదే కాగితం మీద రాసివ్వండి.