వీపు తగిలితేనే నా లెక్క

నేను బార్కస్‌లో ఒక తాలింఖానా గోదా మట్టిని. ఊరి బయటి ఎర్రమట్టి తెచ్చి, రాళ్లు ఏరి, జల్లెడ పట్టి, మజ్జిగ, నూనె, పసుపు, ఎండిన వేపాకు పొడి కలిపి తొక్కితే నేనయ్యాను. పండగలకు పాత శిష్యుడెవరైనా నెయ్యి కూడా పోస్తాడు. ఆ వారమంతా చీమలతో చావు. తెల్లారకముందే పార పెట్టి తిరగెయ్యకపోతే గట్టిపడిపోతాను. ఆ పని కొత్తగా చేరిన పిల్లలదే. మొదట్లో వాళ్లకు కుస్తీ కంటే పారే ఎక్కువ అలవాటవుతుంది.

నిజాం అరబ్బు సైనికుల బ్యారక్‌లు ఉండేవి కాబట్టి ఈ బస్తీకి బార్కస్ అని పేరు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ల మునిమనవలూ, చాంద్రాయణగుట్ట నుంచి వచ్చే తెలుగు పిల్లలూ ఒకే లంగోటు కట్టి నా మీదే దొర్లుతారు. ఒంటికి నేను పట్టాక ఎవడు ఎవడో పోల్చుకోవడం వాళ్ల అమ్మలకే కష్టం.

నాకు కళ్లు లేవు. ఒళ్లుంది, చెవులున్నాయి. గెలిచినవాడి సంగతి జనం చూసుకుంటారు, ఓడినవాడి సంగతి నాకు తెలుస్తుంది. నిజంగా ఓడేవాడు చివరిదాకా మెడ బిగించి, వంతెన కట్టి, ఒక భుజాన్ని పైకి లేపి ఉంచాలని చూస్తాడు. ఆ భుజం కొంచెం కొంచెంగా నాలోకి దిగుతుంది. ముందే మాట్లాడుకుని పడేవాడు మాత్రం అరచెయ్యి ముందు ఆనిస్తాడు, ఆ తర్వాత నడుము, ఆ తర్వాత తీరిగ్గా వీపు. దాన్ని మావాళ్లు నూరా కుస్తీ అంటారు. రెఫరీ కంటే ముందు నాకు తెలిసిపోతుంది. ఏం లాభం, నన్నెవరూ అడగరు.

మొన్న ఒక సాయంత్రం చాంద్రాయణగుట్ట కుర్రాడు గోదా గట్టు మీద ఫోన్ ఆనించి జపాన్ కుస్తీ పెట్టాడు. చిన్న కంపెనీ ఆట, చిన్న హాలు. చప్పట్లు విడివిడిగా వినపడేంత జనమే. కానీ పడ్డ ప్రతిసారీ ‘ధబ్’! నా మీద ఎంత లావుపాటి పహిల్వాన్ పడ్డా అంత చప్పుడు రాదు. నేను మింగేస్తాను.

“ఉస్తాద్, గిదంతా ఉత్త నాటకమే గద?” అన్నాడు కుర్రాడు.

“నాటకమే బేటా. నువ్వొకసారి ఆ నాటకంల పడి చూడు” అన్నాడు ఉస్తాద్.

అప్పుడు వివరం చెప్పాడు. ఆ రింగ్ కింద ఇనుప చట్రం, పైన చెక్కలు, వాటి మీద పలచటి మెత్త, ఆ పైన గుడ్డ. గడ్డం ఛాతీకి ఆనించి, వీపంతా ఒకేసారి, రెండు చేతులూ చాపి కొడుతూ పడాలి. జూడోలోనూ ముందు నేర్పేది పడటమే. తల వెనక్కి వాలిందా, చెక్క ఊరుకోదు. పైగా రేపు ఇంకో ఊళ్లో మళ్లీ పడాలి. ఇదంతా విన్నాక నా అభిప్రాయం కొంత మార్చుకున్నాను. మావాడి నూరా కుస్తీ జనాన్ని మోసం చెయ్యడానికి. అక్కడ టికెట్ కొన్నవాడికి అది ఆటేనని తెలుసు, పడేవాడికీ తెలుసు. దొంగతనం ఎక్కడుంది?

జపాన్‌లోనే గ్రేట్ సాస్కే అనే ముసుగు మల్లుడు 1990ల్లో ఈశాన్య ఊళ్లలో తిరిగే ఇలాంటి చిన్న కంపెనీయే పెట్టాడు. 2003లో ఇవాతే ప్రాంతీయ సభకు ఎన్నికై ముసుగు తియ్యకుండానే సభలో కూర్చున్నాడట. మన నాయకుల ముసుగుల ఊసు ఇక్కడెందుకు లెండి.

జపాన్ అంటే ఉస్తాద్‌కు మల్లుడు ఇనోకీయే. 1976 డిసెంబరులో కరాచీలో గామా పహిల్వాన్ వంశంవాడైన అక్రమ్ చెయ్యి విరిచేశాడా ఇనోకీ. 1979లో అదే వంశంలోని కుర్రాడు జారాతో లాహోర్‌లో పట్టు పట్టి, ఎటూ తేలకపోతే తానే జారా చెయ్యి పైకెత్తాడు. చెయ్యి విరిచిన కథ కంటే చెయ్యెత్తిన కథే ఉస్తాద్ ఎక్కువసార్లు చెబుతాడు. 2023 సెప్టెంబరులో గచ్చిబౌలికి జాన్ సీనా కుస్తీ పట్టడానికి వచ్చినప్పుడు పిల్లలు సగంమంది అటే పోయారు, మర్నాడు నన్ను తిరగేసేవాడు లేడు. అది వేరే కోపం.

ఇక ఆదివారం మా దంగల్ సంగతి. మర్ఫా దరువు బాగుంది, కొంచెం ఎక్కువసేపు సాగింది. మొదటి జోడీ పిల్లలు. ఎత్తి వేసే పట్టు ఒక్కటీ తెలియదు గానీ ఒకడి వేళ్లు నన్ను పిడికిట్లో పట్టుకుని చివరిదాకా వదల్లేదు. వాడు పైకొస్తాడు. రెండోది ధోబీ పాట్‌తో తేలిపోయింది. భుజం మీదుగా వచ్చి పడ్డాడు, రెండు భుజాలూ ఒకేసారి తగిలాయి, వాదనకు చోటు లేదు. ఆఖరిది బరాబర్. ఇద్దరికీ ఊపిరి అయిపోయింది, ఒకడి చెమట ఇంకొకడి కింద నాలోకి కారింది. విడదీసింది న్యాయమే.

మూడో జోడీ ఓడినవాడు అరచెయ్యి ముందు ఆనించాడు. అయినా వాడికి శాలువా కప్పారు, ఫొటో తీశారు. ఫోన్‌లోని ఆ జపాన్‌వాడైతే కనీసం చప్పుడైనా చేసి పడేవాడు.